మూడో చరణం

కోర్టెజ్ పెటీఫోర్డ్ చివరగా చేసిన పని స్కేటింగ్ రింకు మెట్ల మీద, మంచు కరగడానికి ఉప్పు చల్లడం. జనవరి నెల, ఆదివారం మధ్యాహ్నం. ముందు రోజు కురిసిన మంచు మెట్ల మీద అద్దంలా గడ్డకట్టి ఉంది. లోపల చెక్క నేల మీద చక్రాల స్కేట్లతో జారిపడ్డ పిల్లలు నవ్వుకుని లేస్తారు, బయట మెట్ల మీద పడితే చేతులు విరగ్గొట్టుకుంటారు అనేవాడు. ఉప్పు బకెట్టు తలుపు వెనక పెట్టి, కోటు కొక్కేనికి తగిలించి, పాటలు వేసే గాజు గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. మొదటి పాట అయిపోయింది. రెండోది ఎంతకీ మొదలు కాలేదు. అద్దె స్కేట్లు ఇచ్చే కౌంటరు దగ్గర్నుంచి మిస్ ఓపల్ తలెత్తి చూసి, కునుకు పట్టిందేమో పాపం అనుకుంది. గుండె ఆగిపోయిందని ఆ తరవాత డాక్టరు చెప్పాడు.

ఇదంతా అతని అక్క వర్లీన్‌కి ఒకరి ద్వారా తెలిసిన సంగతే. డెట్రాయిట్ పడమటి వైపు, ఫెంకెల్ వీధిలో ఉన్న ఆ రింకు ఆమె ఇంటికి నాలుగడుగుల దూరం. అయినా అంతకు ముందు మే నెల నుంచీ ఆమె అందులో కాలు పెట్టలేదు.

వారమంతా కోర్టెజ్ సిటీ బస్సు నడిపేవాడు. ఆదివారం మాత్రం రింకులో కుటుంబాలు వచ్చే పూట పాటలు వేసేవాడు. జీతం కోసం కాదు. ఆ గాజు గదిలో కూర్చుంటే అతని ముఖంలో కళే వేరు. పాటల్లోకెల్లా అతనికి ప్రాణం ఫెంకెల్ సైలస్ అనే ర్యాప్ పాటగాడి పాటలు. సైలస్ ఆ చుట్టుపక్కల వీధుల్లోనే పుట్టి పెరిగి, పేరొచ్చాక ఊరొదిలి పోయాడు. వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకున్నది లేదు. కానీ ఆ గొంతంటే కోర్టెజ్ చెవి కోసుకునేవాడు.

అలాగని విని ఊరుకునే రకం కాదు. పాటతో పోట్లాట పెట్టుకునేవాడు. కారులో పక్కన వర్లీన్, వెనక ఆమె కూతురు కెజయా కూర్చుని ఉండగానే, ఎర్ర దీపం పడితే చాలు, స్టీరియో వైపు వేలు చూపించి నిలదీసేవాడు.

“ఏమిట్రా సైలస్, ఇందాకటి పాటలో ఏమన్నావు? మత్తుమందు అమ్మి మన వీధిని వల్లకాడు చేసినవాడు మనవాడే కాదన్నావా లేదా? మరిప్పుడు ఆ డబ్బుతోనే మేడ కట్టానని మీసం మెలేస్తున్నావేం?”

“వాడికి వినిపించదు మామయ్యా,” అనేది కెజయా.

“వినిపించే రోజొస్తే అడగడానికి సిద్ధంగా ఉండాలి కదమ్మా. మెడలో గొలుసంటే బానిసత్వం అంటాడు. మరో పాటలో తన గొలుసులు వరసగా చెప్పుకుంటాడు. పొద్దుటి సైలస్‌నీ సాయంత్రం సైలస్‌నీ ఒక గదిలో పెడితే కొట్టుకు చస్తారు.”

“అంత కడుపుమంటగా ఉంటే ఆపెయ్యరాదూ,” అనేది వర్లీన్.

“ఆపేస్తే ఎవరితో దెబ్బలాడను? నీతోనా?”

“ఇందుకే నీ దగ్గర పెళ్లాలు నిలవలేదు. ఇంట్లో ఎప్పుడూ మూడో మనిషి అరుస్తుంటే ఏ ఆడది ఉంటుంది?”

కోర్టెజ్ నవ్వి పాట గట్టిగా పెట్టేవాడు.

ఆ రింకులో బూతు వినపడకూడదు, అది కట్టుబాటు. అందుకని ప్రతి పాటనూ అతను ఇంట్లో కూర్చుని తనే శుభ్రం చేసి తెచ్చేవాడు. తక్కినవాళ్లలా బూతు వచ్చిన చోట కుయ్యిమనిపించడం అతనికి చిన్నతనం. అదే పాటలో మరోచోటి నుంచి తాళం కత్తిరించి తెచ్చి, మాట ఉన్న చోట పరిచేసేవాడు. “కోసిన చోటు మీకు తెలిసిపోతే ఇక నేనెందుకు ఇక్కడ?” అనేవాడు. నిజంగానే ఎవరికీ తెలిసేది కాదు. చక్రాలు ఒక్క క్షణం కూడా తడబడేవి కావు.

అలా శుభ్రపడ్డ పాటల్లో ఒకటి ‘వరండా దీపం’. పనిలోంచి తల్లి ఎప్పుడొస్తుందా అని వరండాలో దీపం వెలిగించుకుని కూర్చున్న పిల్లవాడు మొదటి చరణం. పెద్దవాడై దారి తప్పిన కొడుకు కోసం అదే దీపం పెట్టుకుని కూర్చున్న తల్లి రెండో చరణం. రింకులో అది మొదలైతే పెద్దవాళ్లు కూడా బల్లల మీంచి లేచి స్కేట్లు బిగించుకునేవారు. తల్లులూ పిల్లలూ చేతులు పట్టుకుని తిరిగేవారు. వర్లీన్ మోకాళ్లు నొప్పి అని కూర్చునే మనిషి, ఆ పాటకు మాత్రం కెజయా చెయ్యి పట్టుకుని ఒక చుట్టు తిరిగేది. ఆ వాడలో సగం మందికి ‘వరండా దీపం’ అంటే కోర్టెజ్ వేసే రెండు చరణాల పాటే. దానికి మూడోది ఒకటుందన్న ఊహే లేదు.

అందువల్లే మే నెలలో, మదర్స్ డే నాడు చర్చిలో ఆ పొరపాటు జరిగింది.

చిన్నపిల్లలు తెల్ల గౌన్లు వేసుకుని తల్లుల కోసం నాట్యం చెయ్యాలి. పాట ఎంచింది కెజయా. అప్పటికి దానికి పన్నెండేళ్లు. పాస్టరు భార్య పాట పేరు వినగానే, “మా మనవలు రింకులో తిరిగేది దానికే, బంగారంలాంటి పాట,” అంది. మామయ్య దగ్గర్నుంచి పాట తెస్తానని కెజయా ఒప్పుకుంది, కంగారులో మరిచిపోయింది. సౌండు గది చూసుకునే చర్చి పెద్ద డీకన్ పర్విస్, “దానికేం తల్లీ, ఫోనులో దొరకని పాటేముంటుంది,” అని తనే వెతికి పెట్టాడు. పెట్టి, ఆ పిల్లల్లో ఉన్న తన మనవరాలి నాట్యం కళ్లారా చూద్దామని కుంటుకుంటూ ముందు వరసకి వచ్చి కూర్చున్నాడు.

వర్లీన్ ఆ రోజు వచ్చినవాళ్లని దారి చూపి కూర్చోబెట్టే అషర్ల వంతులో ఉంది. తెల్ల యూనిఫారం, తెల్ల చేతితొడుగులు, తల్లి పోయినవాళ్లు పెట్టుకునే తెల్లపువ్వు గుండెల మీద. నడవ మధ్యన నిలబడి చూస్తోంది. పిల్లలు రెండు చరణాలూ చేశారు. రెండోసారి పల్లవి అయ్యాక మోకాళ్ల మీద కూర్చుని తల వంచారు. జనం లేచి చప్పట్లు కొడుతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు. పాట మాత్రం ఆగలేదు.

మూడో చరణంలో సైలస్ తన బిడ్డను కన్న మనిషి మీద విరుచుకుపడతాడు. బిడ్డను పెంచడానికి డబ్బివ్వమని ఆమె కోర్టుకెక్కినందుకు. దేవుడి గుడిలో ఎన్నడూ వినపడని మాటలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. డీకన్ పర్విస్ లేచి, నొప్పి మోకాలు ఈడ్చుకుంటూ సౌండు గది వైపు బయల్దేరాడు. అంత పొడుగు నడవ అతను దాటేదాకా ఆ గొంతు అంటూనే ఉంది.

కెజయాను పెంచడం కోసం అలాంటి కోర్టు మెట్లే ఎక్కి దిగిన మనిషి వర్లీన్. ఆ సంగతి అక్కడున్న ప్రతివాళ్లకీ తెలుసు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. మోకాళ్ల మీదున్న కెజయా తలెత్తి జనాన్ని చూడలేదు, పాస్టరును చూడలేదు, తిన్నగా తల్లి ముఖంలోకి చూసింది.

ప్రార్థన అయ్యాక కార్లు నిలిపే చోట కోర్టెజ్ ఆమెకు ఎదురొచ్చాడు.

“పర్విస్‌కి బుద్ధి ఉండక్కర్లా అక్కా? ఒక్క మాట నన్ను అడిగితే...”

“పర్విస్ సంగతి వదిలెయ్. ఆ మూడో చరణం నీకు తెలుసు.”

“తెలుసు కనకే తీసేశాను.”

“తీసేశావు. తీసేసినట్టు ఎవరికైనా చెప్పావా?”

“చెప్పడానికేముంది? పాడు ముక్క కోసి, మంచి ముక్క పిల్లల పళ్లెంలో పెట్టాను. అది తప్పా?”

“వాడి నోరు నువ్వు కడిగి, మూతి తుడిచి, పౌడరు రాసి మా ముందు కూర్చోబెట్టావు. నా కూతురు వాణ్ణి మంచివాడనుకుంది. ఎందుకనుకుందంటే నువ్వలా అతికావు గనక. కారులో నువ్వు వాడితో దెబ్బలాడతావే, ఆ దెబ్బలాట రింకులో ఏమైంది? అక్కడ నీ సైలస్‌కి రెండు మొహాల్లేవే.”

కోర్టెజ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఆ రెండు చరణాలు అబద్ధం కాదక్కా. ఆ దీపం వాడు పెట్టుకున్నమాట నిజం. మనిషిలో సగం పాడైతే మొత్తం పారేస్తామా? ఆదివారం ఇదే గుడిలో నాన్న కీర్తన ఎత్తుకుంటే ఏడవనివాడు లేడు. ఇంటికెళ్తే అమ్మ మీద అదే మనిషి చెయ్యి లేచేది. ఆయన ఫోటో నీ ముందు గదిలో లేదూ?”

అది అనకుండా ఉండాల్సిన మాట. ఆమె చేతితొడుగులు ఒక్కో వేలూ లాగి తీసింది.

“నాన్నని ఇందులోకి లాగకు. నాన్నకి నేనెవరో తెలుసు. నీ సైలస్‌కి నీ పేరైనా తెలుసా? నీ మొహమైనా చూడని వాడి మురికి ఉతికే చాకిరీకి సగం బతుకు ధారపోశావు. ఇక నా పిల్ల అక్కడికి రాదు. నేనూ రాను.”

అతను కారు తాళాలు తీశాడు. పక్కన నిలబడ్డ కెజయా తల మీద చెయ్యి వేయబోయి, మానుకుని, కారెక్కాడు. కారు వీధి మలుపు తిరిగేదాకా లోపల ఏ పాటా వినిపించలేదు.

పగ అనేంత పెద్దదేం కాదది. పలకరింపులు ఉండేవి. ఇంటి కప్పు కారుతోందా, మోకాళ్లెలా ఉన్నాయి, కెజయా బడి ఎలా ఉంది. థాంక్స్‌గివింగ్ నాడు వర్లీన్ ఓవర్‌టైమ్ ఉందని చెప్పి, మాకరోనీ, కొల్లార్డ్ ఆకుకూర పళ్లెంలో సర్ది పొరుగు కుర్రాడి చేత తమ్ముడికి పంపించింది. అతను ఫోను చేసి కూర బాగుందన్నాడు. ఉప్పు తక్కువైందని ప్రతి ఏడూ వెక్కిరించేవాడు ఆ ఏడు వెక్కిరించలేదు. అది ఆమెకు తెలిసింది, తెలియనట్టు ఊరుకుంది.

క్రిస్మస్ ముందు ఒకసారి ఫోనులో, పెట్టేసే ముందు, “అక్కా, ఒక్క ఆదివారం రింకుకి రాకూడదూ? నీకొకటి వినిపించాలి,” అన్నాడు.

“నువ్వు వినిపించింది చాల్లే,” అంది.

“సరే అక్కా.”

ఆమె ఆ మాట నవ్వుతాలుకే అన్నాననుకుంది. అవతల అతను నవ్వలేదని ఫోను పెట్టేశాక తోచింది. వచ్చే నెల వెళ్దాం అనుకుంది. కెజయా పుట్టినరోజు ఉంది కదా, ఆ వంకతో వెళ్తే మెట్టు దిగినట్టూ ఉండదు. ఇలా అన్నీ లెక్కేసుకుంది.

పూడ్చిపెట్టిన మరుసటి ఆదివారం రింకులో కోర్టెజ్ పేర స్కేటింగ్ పెట్టారు. ఫెంకెల్ వీధి అంతా వచ్చింది. అతని బస్సులో ఎక్కేవాళ్లు, తోటి డ్రైవర్లు, ఇద్దరు మాజీ భార్యలూ వచ్చి ఒకే బల్ల మీద కూర్చున్నారు. గాజు గదిలో కుర్చీ ఖాళీగా ఉంచి, మిస్ ఓపల్ నిలబడే పాటలు వేసింది. ఎప్పుడూ వేసే వరసలోనే, అతను సర్ది పెట్టిన పాటలే.

కెజయా తల్లిని అడక్కుండానే స్కేట్లు వేసుకుని జనంలో కలిసిపోయింది. వర్లీన్ కోటు విప్పకుండా రింకు చుట్టూ ఉన్న కమ్మీ పక్కన నిలబడింది.

‘వరండా దీపం’ వచ్చింది. మొదటి చరణం. రెండో చరణం. తల్లులూ పిల్లలూ చేతులు పట్టుకుని తిరుగుతున్నారు. రెండోసారి పల్లవి అయింది. వెంటనే ఆఖరి పల్లవి ఎత్తుకోవాలి, ఏళ్ల తరబడి విన్న పాట అది. కానీ అక్కడ చటుక్కున చప్పుడు తెగిపోయింది.

ఈ రోజే పాడవాలా ఈ మిషను అనుకుని వర్లీన్ గాజు గది వైపు చూసింది. మిస్ ఓపల్ చేతులు కట్టుకుని తాపీగా నిలబడి ఉంది. రింకులో ఒక్కరూ ఆగలేదు, ఒక్కరూ తలెత్తి చూడలేదు. చెక్క నేల మీద చక్రాలు దొర్లుతున్న చప్పుడొక్కటే. ఏ తాళమూ లేకుండా అంతమందీ ఒకే ఊపులో తిరుగుతున్నారు. చాలాసేపు. ఆ తరవాత పల్లవి మళ్లీ ఎత్తుకుంది, పాట ముగిసింది.

వర్లీన్ గాజు గది తలుపు దగ్గరికి వెళ్లింది.

“మధ్యలో పాట ఆగిపోయిందేమిటి మిస్ ఓపల్?”

“ఆగడమేముందమ్మా. ఆ మూడో చరణం ఎంతసేపు ఉంటుందో అంతసేపూ ఖాళీ వదిలేశాడు. మొదట్లో పిల్లలు మిషను చెడిందని గోల పెట్టారు. మీ తమ్ముడే మైకు పుచ్చుకుని, ‘ఇక్కడొక చరణం ఉంది, అది మంచిది కాదు, నేను కోసేశాను. కోశానని మీకు తెలియాలని మా అక్క అంది,’ అని చెప్పాడు. అప్పట్నుంచీ ఎవరూ ఆగరు.”

“ఎప్పట్నుంచి?”

మిస్ ఓపల్ ఆమె ముఖంలోకి వింతగా చూసింది.

“మదర్స్ డే తరవాతి ఆదివారం నుంచీ. నీకు చెప్పే ఉంటాడనుకున్నాం.”