దొరసానమ్మ సమాధికి సున్నం

మార్కాపురం మిషన్ బడిలో నేను పంతులుగా చేరిన రెండో ఏడు, అమెరికా నుంచి మద్రాసు మీదుగా ఒక ఉత్తరం వచ్చింది. పాస్టరయ్యకు కళ్లు ఆనవు, అందుకని నా చేతికిచ్చారు. రాసినావిడకు అరవై ఏళ్లు. కరువు కాలంలో మా ఊళ్లకు వాక్యం చెప్పడానికి వచ్చిన దొరకు కూతురు. తనను పెంచినామె కన్నతల్లి కాదని, తండ్రి పెట్టెలోని కాగితాలు చూస్తే ఇప్పుడు తెలిసిందట. కన్నతల్లి పురిటిలోనే పోయిందని, సమాధి మార్కాపురంలో ఉందని వాటిలో రాసుంది. పేరు మాత్రం లేదు. "నన్ను కని చనిపోయిన మనిషి పేరు తెలుసుకోకుండా నేను పోలేను. సమాధి మీద ఉంటే రాసి పంపండి," అని అడిగింది.

ఓస్, ఇంతేనా అనుకున్నాను. సమాధి మా ప్రార్థన గుడి వెనకే ఉంది.

మా నాయనను కన్న అవ్వ అప్పట్లో ఆ దొరసాని దగ్గర ఆయా. ముందు ఆమెనే అడిగాను. ఆ పిల్ల బతికే ఉందా అని అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తొలి నీళ్లు తనే పోసిందట. దొరసానికి రాగిసంకటి ఇష్టమనీ, ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ ఉండేదనీ, పోయేముందు తన చెయ్యి వదల్లేదనీ చెప్పింది. పేరు అడిగితే మాత్రం నా మీదే కోప్పడింది.

"దొరసానమ్మా అనే పిలిచినాము. పెద్దోళ్లను పేరు పెట్టి పిలుస్తామా ఏంది?"

ఇక సమాధి మీది రాయే దిక్కు. ఏటా క్రిస్మసుకు ముందు పేటంతా కలిసి ఆ సమాధికి సున్నం కొడతాం. మాకు తెలిసిన గౌరవం అది. చిన్నప్పుడు కుంచె కోసం నేనూ కొట్లాడినవాణ్ణే. అన్నేళ్ల పూతల కింద అక్షరాలు ఎప్పుడో పూడిపోయాయి. సోమవారం రాతిపని తెలిసినవాడు వస్తాడు, అందాకా ఆగమన్నారు పాస్టరయ్య. ఆగితేగా! చింతపండు పులుసు పోసి నానబెట్టి, కత్తిమొనతో గీకడం మొదలుపెట్టాను. ఒక అక్షరం సగం కనబడింది. ఆశకొద్దీ ఇంకాస్త గట్టిగా నొక్కాను. పెనం మీద అట్టు లేచినట్టు రాయి పొరంతా లేచి, నా చేతిలోనే పొడిపొడి అయింది. పలకరాయి పొరలుగా లేస్తుందని తెలియనివాడు మార్కాపురంలో ఉండడు. నాకూ తెలుసు. నా చేతులు పడిపోను!

ముక్కలు చేటలో ఏరుకొని రెండు రోజులు అతికించి చూశాను. ఒక్క అక్షరమూ కుదరలేదు. అవ్వకు చెప్పే ధైర్యం లేకపోయింది. పేరు వానలకు అరిగిపోయిందని ఉత్తరం రాశాను. అవ్వ చెప్పినవన్నీ రాశాను. ఏటా సున్నం కొడతామని కూడా రాశాను.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తన తల్లిని అన్నేళ్లు చూసుకున్నారని చదివి ఏడ్చిందట. ఈ ఏడు తన తరఫున నన్నే స్వయంగా ఒక పూత వేయమంది.

వేయకుండా ఎట్లా? క్రిస్మసుకు ముందు కుంచె పట్టుకొని వెళ్లాను. అవ్వ పక్కనే చతికిలబడి కూర్చుంది. పూత ఆరేదాకా ఉండి, వంగి అరచేత్తో రాయిని తడిమింది.

"ఈసారి ఎంత నున్నగా వచ్చినాది, నాయనా," అంది.

నేను తలెత్తలేకపోయాను.