టేపులో లేని ముక్క

చీమ అని పేరు పెట్టింది బావే. చిన్నప్పుడు ఆటలో తొండి చేస్తున్నాడని ఆమె అతని ముంజేతిని పళ్ళు దిగేలా కొరికింది. ఆ రోజు నుంచి మేనత్త ఇంట్లో, తర్వాత బజారంతా, ఆఖరికి కన్నతండ్రి కూడా చీమ అనే పిలవడం మొదలుపెట్టారు. మనిషీ అలాగే ఉంటుంది. పొట్టి, సన్నం, ఎప్పుడూ ఏదో ఒక పని మీద ఉంటుంది, దారికి అడ్డం వస్తే కుడుతుంది.

ఆమె పని నాన్న కొట్టులో. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ళ మోటార్లు బాగుచేసే కొట్టు అది. షట్టరు ఎత్తగానే కాలిన వార్నిష్ వాసన ముఖాన కొడుతుంది. చీమ వంతు వైండింగ్. మాడిపోయిన కాయిల్ పీకేసి, కొత్త రాగి తీగను లెక్క తప్పకుండా చుట్టి, మోటారు గాడుల్లో కూర్చాలి. చుడుతున్నప్పుడు మాట్లాడితే లెక్క పోతుంది. అందుకని ఆమెకు మాటలు తక్కువ. ఆ తక్కువలో తీపివి మరీ తక్కువ.

గిటారు కూడా కొట్టుకే వచ్చింది. ఎవరో వైరు ఊడిందని ఇచ్చి వెళ్ళారు, మళ్ళీ రాలేదు. మెడ దగ్గర పగులు ఉన్న ఆ గిటారు చాలాకాలం అటక మీద దుమ్ము తింది. చీమ దాన్ని దింపి, పగుల్లో వడ్రంగి జిగురు పోసి, బిగింపులో పెట్టి ఆరనిచ్చింది. పాత రేడియో పెట్టెను విప్పి యాంప్లిఫయరు చేసుకుంది. తీగ తెగితే కొత్తది కొనదు. తెగిన కొసను రాగి తీగ మెలేసినట్టు మెలేసి మళ్ళీ తగిలిస్తుంది. నేర్పినవాళ్ళు ఎవరూ లేరు. బల్ల మీద నాన్న టేపురికార్డరు, అందులో ఆయన పెళ్ళికి ముందు సంపాదించిన ఇంగ్లీషు రాక్ పాటల క్యాసెట్టు. అదే బడి. ఒక్క వరస వినడం, ఆపడం, వెనక్కి తిప్పడం, మళ్ళీ వినడం. బొత్తాం మీది బాణం గుర్తు ఆమె వేలికే అరిగిపోయింది.

బావ కూడా ఆ టేపు వినే పెరిగాడు. బడి వదలగానే వచ్చి బోర్లించిన డబ్బా మీద కూర్చుని, ఖాళీ మిక్సీ జార్ నోటి దగ్గర పెట్టుకుని పాడేవాడు. గొంతు మంచిదే. ఆ సంగతి అతనికి కొంచెం ముందే తెలిసిపోయింది, అదీ చిక్కు.

ఇప్పుడు బావకు ఫోన్లు అమ్మే కొట్టు ఉంది. దాని మీది గదిలో గోడలకు పాత పరుపులు కొట్టి రికార్డింగు గది అన్నాడు. బావ పాడతాడు, బేస్ గిటారు వాయిస్తాడు. చీమది గిటారు. డ్రమ్ములు వాయించేవాడు వెల్డరు, అతన్ని అందరూ సుత్తి అంటారు. ఆ పేరు చేతుల వల్ల వచ్చింది, నోటి వల్ల కాదు, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ముగ్గురూ కలిసి శనివారం సాయంత్రాలు ఒక హోటలు హాల్లో పాత రాక్ పాటలు వాయిస్తారు. సొంత పాటలు లేవు. ఉన్న పాటలను ఉన్నట్టు వాయించడమే వాళ్ళ వృత్తి, వాళ్ళ గొప్ప.

బావకు లెక్క రాదు. మధ్యలో గిటారు ఒక్కటే ముందుండి మోగే సోలో అయ్యాక, చివరి చరణం ఎక్కడ ఎత్తుకోవాలో అతను ఏనాడూ లెక్కపెట్టుకోలేదు. చీమ తల ఊపుతుంది, అతను ఎత్తుకుంటాడు. నాలుగేళ్ళుగా ఇలాగే నడుస్తోంది. ఆ తల ఊపడాన్ని హోటల్లో అందరూ ఆమె మైమరపు అనుకుంటారు. బావ కూడా అలాగే అనుకోవడం మొదలుపెట్టాడు.

గొడవ మొదటి వీడియోతో వచ్చింది. అన్నిట్లోకీ పేరున్న పాటను రికార్డు చేసి ఇంటర్నెట్లో పెట్టారు. వారం తిరిగేసరికి కింద వ్యాఖ్యలు చేరాయి. పాడిన గొంతును మెచ్చుకున్నవాళ్ళున్నారు. ఎక్కువమంది మాత్రం ఒకటే రాశారు, సోలోలో సగం ఏమైందని. ‘గిటారు అమ్మాయికి ఆకలెక్కువా, మధ్యలో ముక్క మింగేసింది’ అని ఎవడో రాస్తే దానికి నవ్వినవాళ్ళు లెక్కలేనంతమంది.

బావ ఫోను ఆమె ముక్కు ముందు పెట్టాడు.

“చదువు. బయటికే చదువు, సుత్తి కూడా వింటాడు.”

“నాకు కళ్ళున్నాయి.”

“చెవులున్నాయా మరి? నేను ఒరిజినల్ విన్నాను. సోలో పైకెక్కాక మళ్ళీ కిందికి దిగుతుంది, లావు తీగల మీద తిరిగి, అప్పుడు గిటారు పెట్టే ఆఖరి కేకకి వెళ్తుంది. నువ్వు ఎక్కడం ఎక్కి, నేరుగా కేకలోకి దూకేశావ్. చేతకాక వదిలేశావా, బద్ధకమా?”

“మా నాన్న టేపులో అంతే ఉంది. అది రేడియో కోసం కుదించిన రకం. నాన్నే చెప్పాడు.”

“అలాంటి రకమే లేదు, వెతికాను. పరువు తీశావే తల్లీ. ఆదివారం మళ్ళీ రికార్డు చేద్దాం. గిటారు క్లాసు మాస్టారిని కూడా రమ్మన్నాను. నువ్వు పూర్తిగా వాయిస్తే సరి, లేకపోతే ఆ కుర్చీలో ఆయన కూర్చుంటాడు. ఈ పాటకే కాదు, ఇక అన్నిటికీ.”

చీమ సుత్తి వైపు చూసింది. సుత్తి డ్రమ్ము పుల్ల కొసను పరీక్షగా చూసుకుంటున్నాడు.

ఆ కుర్చీ తప్ప ఆమెకు వేరే చోటు లేదు. కొట్టులో అందరికీ ఆమె ఫలానా మెకానిక్కు కూతురు. హోటలు హాల్లో శనివారాలు మాత్రమే ఆమె తానుగా ఉండేది. ఇంటికి నడుస్తున్నంతసేపూ బావను తిట్టుకుంది. పుస్తకాల్లో రాసే తిట్లు కావు, బజారు తిట్లే.

కొట్టుకొచ్చి ఫోనులో ఆ పాట పెట్టింది. ఇంతకుముందు విన్నప్పుడల్లా ఆ ముక్క దగ్గర ‘ఇది కుదించని పెద్ద రకం’ అనుకుని వదిలేసేది. ఇప్పుడు కుదించిన రకం కోసం వెతికింది. దొరకలేదు. అప్పుడు టేపురికార్డరులో క్యాసెట్టు వేసి, సరిగ్గా సోలో దూకే చోట ఆపింది. క్యాసెట్టు బయటికి తీసి, ముందున్న సందులోంచి టేపును చూపుడు వేలితో మెల్లగా లాగింది. గోధుమ రంగు టేపు మీద గోరంత సెల్లో టేపు ముక్క బయటపడింది. పసుపుపచ్చబడింది. కింద కోత ఏటవాలుగా, బ్లేడుతో ఒక్క దెబ్బకు కోసినట్టుంది. వంకర లేదు, ఎత్తుపల్లం లేదు. అలా అతికే చెయ్యి ఈ బజారులో ఒక్కటే ఉంది.

నాన్న ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు.

“ఇదేంటి?”

ఆయన చూశాడు. తుడవడం ఆపలేదు.

“అతుకు.”

“రేడియో రకం అన్నావ్.”

“అన్నాను.”

“అబద్ధం చెప్పావ్.”

“టేపురికార్డరు డెక్కు టేపుని నమిలేసింది. మూరెడు నలిగి ముద్దయింది. కోసి అతికాను. అప్పుడు కొట్టు నిండా టేపురికార్డర్లే ఉండేవి. నా డెక్కే టేపు తింటుందని తెలిస్తే నాకు పని ఎవడిస్తాడు? అడిగినవాళ్ళందరికీ రేడియో రకం అని చెప్పాను. నీకూ అదే చెప్పాను.”

“నేను అడిగినవాళ్ళల్లో ఒకదాన్నా?”

“నువ్వు అప్పుడు ముక్కు చీదుకునే పిల్లవి. గిటారిస్టువి అవుతావని నాకు కల వచ్చిందా?”

“సోలోలో ముక్క మింగేశానంటున్నారు. నా కుర్చీ పోతోంది నాన్నా, నీ అతుకు వల్ల.”

ఆయన గుడ్డ పక్కన పడేశాడు. మొదటిసారి ముఖం ఆమె వైపు తిప్పాడు. అందులో బాధ లేదు, పౌరుషం ఉంది.

“ఇన్నేళ్ళు విన్నావు కదా. అతుకు ఎక్కడుందో ఒక్కసారైనా వినిపించిందా? టక్కుమని శబ్దం వచ్చిందా? తాళం తప్పిందా? దెబ్బ మీద దెబ్బ పడేలా, చెవి పెట్టి, చేత్తో రీలు తిప్పి వెతికి కోశాను. పాట పోయింది, తాళం పోలేదు. అది నా పని. మింగావని ఎవడో అంటే, పోయి నేర్చుకో. అది నీ పని.”

సారీ అన్న మాట ఆయన నోట రాలేదు. వస్తుందని చీమ అనుకోనూ లేదు. క్యాసెట్టు బల్ల మీద విసిరి, గిటారు తీసుకుని వెనక గదిలోకి పోయింది.

ముక్క కష్టమైంది కాదు. మూడు సార్లు వింటే స్వరాలు దొరికాయి. చిక్కల్లా చేతులతోనే. మొదటి నుంచి వాయించుకుంటూ వస్తే, అతుకు దగ్గరికి రాగానే ఎడమ చెయ్యి దానంతటదే నేరుగా ఆఖరి కేకకి దూకేస్తుంది. వద్దు అనుకుంటే ఇంకా తొందరగా దూకుతుంది. నాన్న బ్లేడు టేపులోనే కాదు, ఆమె మణికట్టులో కూడా పడింది. కోపంతో వాయిస్తే ఒక తీగ తెగింది. దాన్ని మెలేస్తూ కూర్చున్నప్పుడు దారి తట్టింది. మధ్యలో కాలిన కాయిల్‌కి ఎవరూ అతుకు వెయ్యరు. మొత్తం విప్పేసి మళ్ళీ చుడతారు. సోలోను అలాగే విప్పింది. ఆఖరి వరస మొదట నేర్చుకుంది, తర్వాత దాని ముందుది, తర్వాత ఇంకా ముందుది. ఎప్పుడూ మొదటి నుంచి మొదలుపెట్టలేదు. ఆదివారానికి చెయ్యి దూకడం మర్చిపోయింది.

ఆదివారం పొద్దున గదిలో మాస్టారు ముందే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే గిటారు, మర్యాదైన మనిషి.

“ఏమీ అనుకోవద్దమ్మా. పిలిస్తే వచ్చాను.”

“కూర్చోండి మాస్టారూ. పిలిచినవాడితోనే నాకు పేచీ.”

బావ కెమెరా తన ముఖానికి నేరుగా పెట్టుకుని, వెనక్కి వచ్చి బేస్ తగిలించుకున్నాడు. సుత్తి పుల్లలు కొట్టి పాట ఎత్తాడు. సోలో వచ్చింది. చీమ ఎక్కాల్సిన చోటికి ఎక్కింది. అక్కడి నుంచి కిందికి దిగి, లావు తీగల మీద నాలుగడుగులు వేసిందో లేదో, ఆమె తల ఊపకముందే బావ నోరు తెరిచి చివరి చరణం ఎత్తుకున్నాడు.

సుత్తి ఆపేశాడు.

“ఏంటే, మళ్ళీ తప్పావా?” అన్నాడు బావ.

“నేను దిగుతున్నాను బావా. నువ్వే దూకావ్.”

మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే దూకాడు. మూడోసారి పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాడు, అయినా బేస్ మీది వేళ్ళు చరణంలోకి వెళ్ళిపోయాయి, వాటి వెనకే గొంతూ వెళ్ళింది. చెవులు ఎర్రబడ్డాయి.

“దీని వల్లే. సరిగ్గా దారి చూపించట్లేదు. మాస్టారూ, మీరు వాయించండి.”

చీమ కుర్చీలోంచి లేచింది. అడగకముందే లేచింది. మాస్టారు కూర్చుని సోలో మొత్తం, గీత గీసినట్టు, తప్పు లేకుండా వాయించాడు. మధ్యలో బావ అదే చోట అరిచాడు.

మాస్టారు తీగల మీద అరచెయ్యి పెట్టి ఆపాడు. “తమ్ముడూ, మీరు ముందొస్తున్నారు.”

“నేనా?”

“ఎవరు వాయించినా అక్కడే వస్తున్నారు.”

సుత్తి గొంతు సవరించుకున్నాడు. ఆ రోజుకి అతని మొదటి మాట అదే. “అన్నా, నువ్వు కూడా మీ మామయ్య టేపు బాపతే.”

బావకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక బేస్ గిటారును గోడకు ఆనించి, చీమ వైపు చూడకుండా అన్నాడు.

“సరే. కూర్చో. నువ్వే వాయించు. ఎప్పట్లాగే తల ఊపు, నేనెత్తుకుంటాను.”

చీమ కుర్చీలో కూర్చుంది. గిటారు ఒళ్ళో పెట్టుకుంది. శ్రుతి సరిచూసుకుంది. అంతా తీరిగ్గా చేసింది.

“ఊపను.”

“ఏంటి?”

“ఒరిజినల్లో తల ఊపేవాళ్ళు ఎవరూ లేరు బావా. నీకు ఒరిజినల్ ఉన్నట్టే కావాలిగా.”

“చీమా, వెటకారాలొద్దు. వీడియో ఈ రోజే పెట్టాలి.”

“మింగావన్నావ్. పరువు తీశానన్నావ్. నాలుగేళ్ళుగా నా తలకాయ చూసి పాడుతూ, నా కుర్చీకి మనిషిని తెచ్చావ్. వచ్చే ఆదివారం కల్లా లెక్కపెట్టడం నేర్చుకో. మాస్టారు ఖాళీగానే ఉన్నారు, నేర్పుతారు. రాకపోతే పాడేవాణ్ణి చూసుకుంటాం. ఈ పాటకే కాదు, అన్నిటికీ.”

“చూసుకుంటాం అంటే? నువ్వూ, ఎవరూ?”

సుత్తి పుల్లతో తన గుండె మీద తట్టుకున్నాడు.

బావ కెమెరా ఆపాడు. గది తనది, మైకులు తనవి, కరెంటు తనది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చినట్టే ఉంది. మాస్టారు ముందు అనలేక మింగాడు. మాస్టారు, ఏ పక్షమూ కాని మనిషి, మోకాలి మీద వేళ్ళతో కొడుతూ “ఒకటి, రెండు, మూడు, నాలుగు… ఇక్కడ ఆగండి తమ్ముడూ, ఇంకా రాకూడదు” అంటూ మొదలుపెట్టేశాడు. చీమ మెట్లు దిగుతుంటే పై నుంచి బావ లెక్క వినిపించింది. మూడు తర్వాత మళ్ళీ మూడు అన్నాడు.

కొట్టులో నాన్న ఆమె రాకను పట్టించుకోనట్టు మోటారు మీదికి వంగి ఉన్నాడు.

“ఉందా కుర్చీ?”

“ఉంది. నీ అతుకు బావకి కూడా పట్టింది. సరిగ్గా అక్కడే దూకుతున్నాడు.”

“చెప్పానుగా, తాళం పోలేదని.”

చీమ నవ్వలేదు. ఆయన నవ్వితే ఏదో ఒకటి విసరాలనే ఉంది, కానీ ఆయనా నవ్వలేదు. స్క్రూ బిగించడం పూర్తిచేసి, తల ఎత్తకుండానే అన్నాడు.

“కోసింది మూరెడు టేపు. టేపుకి అవతలి వైపు కూడా పాటలున్నాయి.”

ఆమె ఉన్నచోటే నిలబడిపోయింది. అవతలి వైపు పాటల్లో మూడు హోటల్లో ప్రతి శనివారం వాయిస్తారు. ఏ పాటలో, ఎక్కడ ముక్క పోయిందని అడగొచ్చు. అడిగితే ఆయన చెప్పొచ్చు. చీమ అడగలేదు. బల్ల మీది క్యాసెట్టు తీసి, తిరగేసి వేసి, గిటారు ఒళ్ళోకి లాక్కుని, అరిగిపోయిన బొత్తాం నొక్కింది.