చలి తక్కువ ఊరు

మే నెల మిట్టమధ్యాహ్నం కూడా నాగమణి ఉన్ని గ్లౌజులు వేసుకునే టైపు చేసేది. వేళ్ల కొసల దగ్గర కత్తెరతో కోసేసిన గ్లౌజులు. కింద మాదాపూర్ రోడ్డు మీద తారు కరుగుతుంటే, నాలుగో అంతస్తులో ఆమె కూర్చునే గదిలో ఏసీ పద్దెనిమిది దగ్గర ఉండేది.

ఆమెది ప్రొద్దుటూరు. ముప్పై నాలుగేళ్లు. అమెరికా డాక్టర్లు రోగిని చూశాక రికార్డు చేసి పంపే మాటలను విని, అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి తిప్పి పంపడం ఆమె ఉద్యోగం. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. డాక్టరు నమిలి మింగిన మాటను కూడా పట్టుకుంటుందని ఆఫీసులో పేరుండేది. రెండేళ్లుగా ఆ పేరు మాసింది. ఒక అక్షరం నొక్కబోతే పక్క అక్షరం పడేది. చేసిన పని తప్పులతో వెనక్కి వచ్చేది. వేళ్లు ముందు సున్నం పూసినట్టు తెల్లబడేవి, తర్వాత నీలంగా మారేవి, వేడి తగిలితే ఎర్రబడి సలిపేవి. తెల్లగా ఉన్నంతసేపూ కీబోర్డు మీద ఉన్నాయో గాలిలో ఉన్నాయో వేళ్లకే తెలిసేది కాదు.

డాక్టరుకు చూపించుకుంది. చలికి వేళ్లలో రక్తనాళాలు మూసుకుపోతాయనీ, చాలామంది ఆడవాళ్లకు ఉంటుందనీ, ప్రాణానికేం భయం లేదనీ ఆయన చెప్పాడు. వెచ్చగా ఉంచుకోకపోతే మాత్రం ముదిరి కొసల్లో పుండ్లు పడొచ్చన్నాడు. నాగమణి తలూపింది గాని నమ్మలేదు. హైదరాబాదులో చలేమిటి? చెయ్యి మొద్దుబారుతోంది, తన పని అయిపోవచ్చింది అనుకుంది. అలా అనుకున్నట్టు ఇంట్లో చెప్పలేదు.

టీమ్ లీడర్ భీమేశ్వరరావు కాకినాడ మనిషి. మంచివాడే గాని ఉక్క పడదు.

"సార్, ఏసీ కొంచెం తగ్గించండి" అనేది నాగమణి.

"అలాగేనమ్మా" అంటూ పద్దెనిమిదిని పదహారు చేసేవాడు.

"తగ్గించమన్నాను సార్."

"తగ్గించాను కదండీ, అంకె తగ్గిందిగా!"

పోనీ పెంచమంటే, పెంచమంది కదా అని చల్లగాలి ఇంకాస్త జోరుగా వచ్చే మీట నొక్కేవాడు. గదంతా నవ్వేది. నాగమణి కూడా నవ్వి, గ్లౌజులు పైకి లాక్కునేది.

2011 ఆగస్టులో ఆమె భర్త రామాంజనేయులు ఇంటికి ఒక కబురు తెచ్చాడు. అతనిది తాడిపత్రి. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. కంపెనీ కెనడాకు మనుషుల్ని పంపుతోంది. రెండు ఊళ్లు ఉన్నాయి, ఏది కావాలో దసరా వెళ్లేలోగా చెప్పాలి. ఎడ్మంటన్‌కు వెళితే టీమ్ లీడ్ అవుతాడు. పైగా అక్కడ చిన్నాన్న కొడుకు దినేష్ ఆరేళ్లుగా ఉంటున్నాడు. విక్టోరియాకు వెళితే ఇప్పుడున్న హోదాయే, తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.

నాగమణి ఇంటర్నెట్‌లో రెండు ఊళ్ల చలీ చూసింది. ఎడ్మంటన్‌లో జనవరి రాత్రులు మైనస్ ముప్పైకి దిగుతాయట. విక్టోరియా సముద్రం ఒడ్డున, ఒక దీవి మీద ఉంది. చలికాలమంతా వాన. మంచు పడితే పేపర్లో వేస్తారట.

"విక్టోరియాకు పోదాం" అంది.

రామాంజనేయులు నవ్వాడు. "మీ ఆఫీసులో ఎంత? పద్దెనిమిది. అక్కడ ఇండ్లల్లో, ఆఫీసుల్లో ఇరవై రెండు పెట్టుకుంటారంట. లెక్క చూస్తే మాదాపూర్ కంటే ఎడ్మంటనే వెచ్చన. తొమ్మిదేండ్లు ఇక్కడ తట్టుకున్నదానివి, అక్కడ తట్టుకోలేవా?"

ఆ లెక్కలో తప్పు ఆమెకు కనిపించలేదు.

వాళ్లు గచ్చిబౌలి పాత ఊళ్లో, రుక్కమ్మ ఇంట్లో పై వాటాలో కిరాయికి ఉండేవాళ్లు. రుక్కమ్మ పుట్టింది, పెరిగింది, కోడలైంది ఆ ఊళ్లోనే. పొద్దున తెలంగాణ దీక్ష శిబిరంలో కూర్చునేది, సాయంత్రం వచ్చి కరివేపాకు చెట్టుకు నీళ్లు పోసేది. కెనడా సంగతి ఆమె చెవిన పడింది.

"ఏంది బిడ్డా, మేమింక పొమ్మననే లేదు, మీరే పోతున్నరట?"

"మేం సీమోళ్లం పెద్దమ్మా. మమ్మల్నెందుకు పొమ్మంటారు?"

"మా లెక్కల సీమోళ్లు గూడ ఆంధ్రోళ్లే. కిరాయి టైముకిస్తరు గన్క నిన్నేమనలే." రుక్కమ్మ మగ్గు కింద పెట్టి నవ్వింది. "బతకనీకొచ్చినోళ్లను మేమెన్నడన్న ఏమన్నమా? మా కొలువులు మాకియ్యుమంటున్నం, గంతే."

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బొగ్గు గనుల కార్మికులు దిగారు, టీచర్లు దిగారు, బస్సులు డిపోలు దాటలేదు. బొగ్గు రాక కరెంటు కోతలు పెరిగాయి. నాగమణి ఆఫీసున్న బిల్డింగు చిన్నది. జనరేటరు కంప్యూటర్లకే చాలేది. మధ్యాహ్నం కరెంటు పోగానే ఏసీ ఆగిపోయేది.

గది అరగంటలో ఆవిరి కుడుములా ఉడికేది. జనం ఫైళ్లతో విసురుకునేవాళ్లు. భీమేశ్వరరావు చొక్కా వీపుకు అతుక్కుపోయేది. మూడో రోజు నాగమణి గ్లౌజులు తీసి సంచిలో పడేసింది. వేళ్లు గులాబీ రంగులో ఉన్నాయి. రికార్డులో డాక్టరు మాట ముగిసేలోపే ఆమె టైపు ముగుస్తోంది. ఆ వారం ఆమె పంపిన పని ఒక్కటీ వెనక్కి రాలేదు.

"ఏంటమ్మా నాగమణీ, ఈ సమ్మె నీ కోసమే చేస్తున్నారా ఏంటి?" అన్నాడు భీమేశ్వరరావు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ.

చెయ్యి మొద్దుబారలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. తన పనితనం ఎక్కడికీ పోలేదు. రెండేళ్లుగా తినేస్తున్నది చలి. ఇక దాన్ని వెతుక్కుంటూ ఎడ్మంటన్ పోతే, మిగిలింది కూడా పోతుంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర మళ్లీ అడిగింది. రామాంజనేయులు వాదించకుండా దినేష్‌కు ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

"ఇంట్లో ఎండాకాలమే వదినా! బనియన్ మీద తిరుగుతాం" అన్నాడు దినేష్.

"మరి బయట?"

"బయట మనకేం పని వదినా? ఇంట్లోనుంచి కారు, కార్లోనుంచి ఆఫీసు. అంతే."

"కారు అంత చలిలో కదులుతుందా?"

"దానిదేముంది, రాత్రి కారుకు వైరు తగిలించి కరెంటు పెట్టి పడుకోవాల. లేదంటే పొద్దున ఇంజను లేవదు. అద్దం మీద మంచు గీకాల. అది మటుకు చేత్తోనే."

సరిగ్గా అప్పుడు ఇంట్లో కరెంటు పోయింది. చీకట్లో రామాంజనేయులు అన్నాడు: "ఇక్కడ మనుషులకే లేదు కరెంటు, అక్కడ కార్లకు పెడుతున్నారంట!"

రెండో తరగతి చదివే కూతురు సుష్మ పకపకా నవ్వింది. నాగమణికి మాత్రం ఒక్కమాటే వినిపించింది: చేత్తోనే.

"పరీక్ష చేద్దాం పా" అన్నాడు రామాంజనేయులు. "ఊరికే భయపడితే ఎట్ల?"

లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర మంచు పార్కు ఉంది. లోపల మైనస్ ఐదు. టికెట్టుతో పాటు జాకెట్లు, బూట్లు, గ్లౌజులు ఇస్తారు. ఆదివారం బస్సుల్లేవు గనక ముగ్గురూ బండి మీదే వెళ్లారు. లోపల పిల్లలు మంచు ఉండలు విసురుకుంటున్నారు, పెద్దలు ఫోటోలకు నిలబడుతున్నారు. సుష్మ జారుడుబండ దిగి రాదు. పావుగంట గడిచినా నాగమణి నిలబడే ఉంది.

"చూడు, ఏమైంది? గ్లౌజులుంటే చాలు" అని రామాంజనేయులు మురిసిపోయాడు.

సుష్మ పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, అర్జంటు!"

నాగమణి పిల్లను పట్టుకుని బయటి గదిలోకి వచ్చింది. పిల్ల జాకెట్టు మెడ నుంచి మోకాళ్ల దాకా బిగుతుగా ఉంది. బిగుసుకున్న ఆ జిప్పు పిల్లకు లొంగదు, అది తీస్తే తప్ప పిల్లను కూర్చోబెట్టడానికి లేదు. ఆమె గ్లౌజులు లాగేసింది. వేళ్లు రెండో కణుపు దాకా కొవ్వొత్తుల్లా ఉన్నాయి. జిప్పు కొసను పట్టుకుంటే పట్టు దొరకలేదు. చూస్తూనే ఉంది, వేళ్లు దాని మీదే ఉన్నాయి, కాని పట్టుకున్నట్టు తెలియదు. అరచేతుల మధ్య పెట్టి లాగింది. జారింది. సుష్మ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి గెంతుతోంది.

రామాంజనేయులు తలుపు తోసుకుని వచ్చేసరికి ఆమె మోకాళ్ల మీద కూర్చుని జిప్పును పళ్లతో లాగుతోంది. అతను వంగి ఒక్క లాగుతో తీశాడు. అప్పటికే ఆలస్యమైంది. పిల్ల ఫ్రాకు తడిసింది. పార్కు మనిషి వచ్చి "పర్లేదు మేడమ్, రోజూ ఉండేదే" అని జాకెట్టు పట్టుకుపోయాడు.

తిరుగుదారిలో రామాంజనేయులు మెహదీపట్నంలో ఊరేగింపు అడ్డంగా వెళుతుంటే బండి ఆపి, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"నేను ఏడింటికే ఆఫీసుకు పోతా. పిల్లను బడికి ఎవరు తయారుచేయాల?"

"నేనే."

"బడికాడ దింపాక జిప్పు తీయాల. సాయంత్రం మళ్లా వేయాల."

"ఊ."

"ఎన్ని నెలలుంటుందంట, అక్కడ చలి?"

"ఆర్నెల్లు."

ఊరేగింపు వెళ్లిపోయింది. అతను బండి స్టార్టు చేశాడు.

సోమవారం రామాంజనేయులు తన మేనేజరు రామచంద్రం గదికి వెళ్లి విక్టోరియా కావాలన్నాడు.

"లీడ్ వద్దంటున్నవా? ఆలోచించే చెప్తున్నవా?" అన్నాడు రామచంద్రం.

"మా ఆవిడకు చలి పడదు సార్."

"చలి పడనోళ్లు కెనడా ఎందుకు పోతున్నరయ్యా?"

ఎడ్మంటన్ లీడ్ ఉద్యోగం మరో కుర్రాడికి వెళ్లింది. "మా ఊరు మీకు ఆనలేదులే" అని దినేష్ అలిగి, నెల్లాళ్లు ఫోను చేయలేదు. రామాంజనేయులు కూడా కొన్నాళ్లు ముభావంగానే ఉన్నాడు. ఆమె అతన్ని బుజ్జగించలేదు. వీసా కాగితాలకు శీతాకాలమంతా పట్టింది.

సామాను కడుతుండగా రుక్కమ్మ పైకి వచ్చింది.

"ఏడికి పోతున్నరో ఆడ సలి తక్కువనట గద?"

"తక్కువే పెద్దమ్మా. వాన ఎక్కువ."

"సలి వద్దంటె ఈడనె ఉండొచ్చు గద బిడ్డా, గంత దూరమెందుకు?"

"బతకడానికి పెద్దమ్మా" అంది నాగమణి.

రుక్కమ్మ కాసేపు ఆమె చేతులకేసి చూసింది. "పో మరి. బతకనీకి పోయినోళ్లను ఆడున్నోళ్లు ఏమనకుంటె చాలు" అని, ఒక డబ్బా సకినాలు చేతిలో పెట్టి మెట్లు దిగింది.

2012 ఫిబ్రవరిలో విక్టోరియాలో దిగారు. బయట ఆరు డిగ్రీలు, సన్నటి వాన. మొదటి మూడు వారాల్లో ఎండ కనిపించింది రెండు పూటలే. ఇంటద్దె అనుకున్నదానికంటే ఎక్కువ. రామాంజనేయులు రోజూ గొడుగు ఎక్కడో మరచిపోయి వచ్చేవాడు. మార్చిలో ఒక క్లినిక్ వాళ్లు నాగమణిని టైపింగ్ పరీక్షకు పిలిచారు; నిమిషానికి అరవై మాటలు రావాలన్నారు. ఆమె బస్సెక్కి, వానలో రెండు వీధులు నడిచి వెళ్లింది. గ్లౌజులు, చలికోటు తీసి కుర్చీకి తగిలించి, హెడ్‌ఫోన్ పెట్టుకుంది. వేళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి.

నిమిషానికి డెబ్బై ఎనిమిది మాటలు. తప్పులు రెండు.