తాతగారి మీసం, కెమెరా ధర

ఆ పాతసామాన్ల సందులో అతన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. కెమెరాలు బాగుచేస్తాడు, కోతలు కోస్తాడు. రెండింటిలో ఏది ముందు మొదలుపెట్టాడో సొంత చెల్లెలికి కూడా తెలియదు. అందుకని అందరికీ కోతల బాబాయ్. మెట్ల కింద ఉన్న అతని కొట్టు ఎంత చిన్నదంటే, లోపల తుమ్మితే మరలు సందులోకెళ్లి ఏరుకోవాలి. ఈ మాటా అతనిదే.

వయసులో ఉండగా సరదాకి కోసేవాడు. చెరువులో పడ్డ కెమెరాని ఆరబెడితే మొదటి ఫొటోలో చేప నవ్వుతూ వచ్చిందని చెప్పి, అందరికంటే ముందు తనే నవ్వేవాడు. ఇప్పుడు వినేవాళ్లు నవ్వినా అతను నవ్వడు. మెడ వంచి వంచి నొప్పి, సన్న మరలు చూసి చూసి కళ్లమంట. నోరు మాత్రం అలవాటు కొద్దీ దాని పని అది చేసుకుపోతుంటుంది.

చెల్లెలిది వీధి చివర ఫొటో స్టూడియో. ఫోన్లు వచ్చాక అక్కడికి దుమ్ము తప్ప ఎవరూ రావడం లేదు. ఏడాదికి ఒక్క పెద్ద పని మాత్రం నిలిచింది. దగ్గర్లోని బడిలో తరగతికొక గ్రూపు ఫొటో తీయాలి. అదీ రీలు మీద, నలుపు తెలుపుల్లో. వరండా గోడ పొడవునా పాత తరగతులన్నీ అలాగే వేలాడుతున్నాయి, కొత్తవీ అలాగే ఉండాలని హెడ్‌మిస్ట్రెస్ పట్టు. ఆ పని పోతే స్టూడియో తలుపులు మూసుకోవడమే. ఈసారి బడి నుంచి కబురొచ్చిన వారంలోనే చెల్లెలి కెమెరాలో షట్టర్ విరిగింది.

బాబాయ్ విప్పి చూశాడు. రేకులు చిట్లిపోయాయి. ఆ రకం తయారు చేయడం కంపెనీవాళ్లు ఏనాడో ఆపేశారు. ఏదో అతుకు వేసి నడిపిస్తే సగం ఫొటో చీకటైపోయి, వెనక వరస పిల్లలకి తలలుండవు. అచ్చం అదే రకం ఇంకోటి దొరకాలి, ఆమె లెన్సులు వేరేవాటికి పట్టవు.

"దానికేముందే, సందులో గంపలకొద్దీ ఉంటాయి. సాయంత్రానికి తెచ్చి పడేస్తా," అన్నాడు. అది కూడా కోతేనని ఆ క్షణాన అతనికీ తెలియదు.

గంపల మాట ఒకప్పుడు నిజమే. డిజిటల్ వచ్చిన కొత్తలో రీలు కెమెరాలను తూకానికి అమ్మినవాళ్లున్నారు. అప్పుడే ఒకటి కొని పక్కన పడెయ్యాల్సింది. ఎక్కడికి పోతాయిలే అనుకున్నాడు.

సందులో ధర చెప్పడానికి ఒక పద్ధతి ఉండేది. వ్యాపారులు కొనేవాడి మొహం చూసేవాళ్లు కాదు, కాళ్లు చూసేవాళ్లు. రబ్బరు చెప్పులకి ఒక ధర, బూట్లకి ఒక ధర, కారు దిగి మట్టంటని బూట్లతో వచ్చినవాడికి ఇంకో ధర. బాబాయ్ చెప్పుల మడమలు ఎంత అరిగాయంటే, అతనికి ధర చెప్పడానికి వ్యాపారులే సిగ్గుపడేవాళ్లు. అలా ఎవరి స్తోమతకి తగ్గ బేరం వాళ్లకి కుదిరేది.

ఈమధ్య కొండ మీది కొత్త మేడల్లోంచి ఒకాయన దిగివచ్చాడు. ఒక కెమెరా ఎత్తి ఎంత అన్నాడు. వ్యాపారి బూట్లు చూసి, ఎలాగూ సగానికి సగం కోస్తాడు కదా అని నోటికొచ్చింది చెప్పాడు. ఆయన బేరమే ఆడలేదు. ఇచ్చేసి వెళ్లిపోయాడు. సందు సందంతా ఆ పూట నోరు తెరుచుకునే ఉండిపోయింది. మర్నాటి నుంచి కాళ్లు చూడటం మానేశారు. ఎవరికైనా మేడాయన ధరే.

"నీకివ్వననడం లేదు బాబాయ్. నీకిచ్చాక ఆయనొచ్చి అడిగాడనుకో, నేను గోడకి తల కొట్టుకోవాలి. ఆయనిచ్చేదే నువ్వూ ఇయ్యి, తీసుకుపో," అన్నాడు పాతికేళ్లుగా తనతో కలిసి టీ తాగుతున్న వ్యాపారి.

పక్క కొట్టులో దర్జీదీ ఇదే గోల. తొక్కుడు మిషన్ల ఇనప స్టాండ్లన్నిటినీ హోటళ్లవాళ్లు బల్లలకి కాళ్లుగా కొనుక్కుపోతున్నారట. ఇక మిషన్ని ఒళ్లో పెట్టుకుని కుట్టాలి కాబోలు అని దర్జీ ఎవరితోనూ కాకుండా అన్నాడు. లాంతర్లు, టైప్‌రైటర్లు, గోడ గడియారాలు ముందే మేడలెక్కాయి.

రెండ్రోజులకి మేడాయనే బాబాయ్ కొట్టుకి వచ్చాడు. చేతిలో సరిగ్గా చెల్లెలికి కావలసిన రకం. తుడిచి మెరిపిస్తే చాలన్నాడు. బాబాయ్ నొక్కి చూశాడు. చిటిక వేసినట్టు షట్టర్ పడింది. ఆ చప్పుడుకి అతని ప్రాణం లేచొచ్చింది.

దాన్ని ఎలాగైనా ఆయన చేత వదిలించాలి. దానికి బాబాయ్ దగ్గరున్న పనిముట్టు ఒక్కటే. ఈ రకం ఇంట్లో ఉంచుకోకూడదు సార్ అని మొదలుపెట్టాడు. దీనికి బూజు పట్టే గుణం. ఒకావిడ అల్మారాలో పెడితే ఆ బూజు అల్మారా అద్దానికి పాకి, అక్కడి నుంచి గోడ మీది ఫొటోకి ఎక్కి, జన్మలో మీసం పెంచని ఆవిడ తాతగారికి ఫొటోలో మీసం మొలిచింది. వారం వారం గొరిగించాల్సి వచ్చింది.

మేడాయన భయపడలేదు. కళ్లు మెరిశాయి. ఫోన్ తీసి, మళ్లీ మొదట్నుంచి చెప్పమన్నాడు.

"అయితే దీన్ని వదిలించుకోరా సార్?"

"ఇంత కథ ఉన్నదాన్ని ఎవరైనా వదులుకుంటారాండీ?"

బాబాయ్‌కి ఓపిక అయిపోయింది. కోత పక్కన పెట్టి సూటిగానే అడిగాడు. "లోపలి షట్టర్ ఒక్కటి ఇప్పించండి. విరిగినదాన్ని దీంట్లో పెట్టి బిగిస్తాను. అల్మారాలో ఉన్నదాన్ని ఎవరు నొక్కుతారు?"

"ఎవరూ నొక్కరు," అన్నాడాయన, ఏ కుళ్లూ లేకుండా. "కానీ నొక్కితే పడుతుందని తెలిసుండాలి కదా."

బాబాయ్ కెమెరాని బల్ల మీద పెట్టేశాడు. చెల్లెలి సంగతి, బడి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. మేడాయన చెడ్డవాడేం కాదు. బడి పని అయ్యేదాకా కెమెరా వాడుకోమన్నాడు. బదులుగా తన అల్మారాలో ఉన్న వాటన్నిటికీ తలా ఒక కథ చెప్పాలన్నాడు.

బాబాయ్ మేడకెళ్లి చెప్పాడు. కూర్చుంటే మాసిపోతుందేమోనన్నంత తెల్ల కుర్చీలో అంచున కూర్చుని, సాయంత్రం దాకా చెప్పాడు. దొంగని ఫొటో తీస్తే ఫొటోలో దొంగే దారి చూపించిన కెమెరా, పెళ్లికి ముందే పిల్లల్ని చూపించిన కెమెరా. ఇన్నేళ్లలో కోతలకి ఎన్నడూ కూలి పుచ్చుకోలేదు. పుచ్చుకోగానే అదీ పనిగా మారింది, పనిగా మారగానే మెడ నొప్పి పెట్టింది.

బడిలో చెల్లెలు ఫొటోలు తీస్తుంటే, గీత పడకూడదని కెమెరా తాడు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

"వదిలేస్తే పారిపోతుందా అన్నయ్యా?" అంది. "నువ్వు లాగుతుంటే పిల్లలందరూ పక్కకి ఒరిగి పడుతున్నారు."

ఫొటోలు బాగానే వచ్చాయి. అన్ని వరసలకీ తలలున్నాయి. కెమెరా మెరిసిపోతూ మేడకి తిరిగి వెళ్లింది. మళ్లీ ఏడాదికేం చేద్దామని ఆమె అడిగితే, గొప్పోళ్ల మోజు ఎన్నాళ్లుంటుందే, ఈలోగా ధర దిగొస్తుంది, అప్పుడు కొనేద్దాం అన్నాడు.

కొన్నాళ్లాగి సందుకి వెళ్లాడు. అదే రకం ఒకటి వచ్చి ఉంది. ధర దిగలేదు, రెండింతలయింది. ఎందుకురా అని అడిగితే, టీ స్నేహితుడు వింతగా చూశాడు.

"నీకు తెలీదా బాబాయ్? ఇది మామూలుది కాదు. ఎవరింట్లోనో దీని బూజు పాకి, ఫొటోలో తాతకి గడ్డం మొలిచిందట. మేడాయన ఇంట్లో ఆ సంగతి విని, ఆయన స్నేహితులంతా ఇదే కావాలంటున్నారు."

బాబాయ్ మెట్టు మీద కూలబడి, మధ్యలో ఆపకుండా మొత్తం విన్నాడు.

"గడ్డం కాదురా. మీసం."

"మీసానికి ఇంత ధర పలకదు బాబాయ్," అన్నాడు వ్యాపారి, కెమెరా తుడుస్తూ.

స్టూడియో వీధి చివరే. అయినా ఖాళీ చేతులతో అక్కడికి చేరడానికి అతనికి చాలాసేపు పట్టింది. చెల్లెలు ఆ చేతులు చూసింది. ఫొటోలు దిగేవాళ్లని కూర్చోబెట్టే కుర్చీ మీద దుమ్ము దులిపి, అతని వైపు జరిపింది.