మొత్తమ్మ రాసిన అంకె

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్లకే గుర్తు. వీధి వీధంతా మొత్తమ్మ అనే పిలుస్తుంది. రేవుకు వెళ్లే దారిలో, విహార నౌకల టిక్కెట్లు అమ్మే కొట్టులో ఆమె ఇరవై రెండేళ్లుగా గుమాస్తా. కొట్టంటే ఏదో ఊహించుకునేరు. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు ఎండకు వెలిసిపోయిన ఓడ బొమ్మ, గుమ్మం పక్కన నల్లబల్ల, అంతే. ఆ నల్లబల్లే ఆమె రాజ్యం. పొద్దున్నే వచ్చి దాన్ని తడిగుడ్డతో తుడుస్తుంది. ఆరేదాకా ఇంకో పని ముట్టుకోదు. ఆరాక సుద్దముక్క తీసుకుని టిక్కెట్టు ధర, పన్నులు, రేవు రుసుములు, అన్నీ కలిపి ఒకే అంకె వేస్తుంది. దాని కింద "మొత్తం" అని రాస్తుంది. పేరు అలా వచ్చింది.

మిగతా కొట్లవాళ్లకు ఈ పిచ్చి లేదు. వాళ్లు టిక్కెట్టు ధర ఒక్కటే గుమ్మడికాయంత అక్షరాలతో రాసి, పక్కన చిన్న చుక్క పెట్టేవాళ్లు. ఆ చుక్కకు అర్థం బోర్డు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది. ఎదురు కొట్టు కుర్రాయన ఈ విద్యలో అందరినీ మించినవాడు. మొత్తమ్మ ఆయనకు చుక్కలాయన అని పేరు పెట్టింది. ఆ పేరూ వీధిలో స్థిరపడిపోయింది.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె పిన్ని, బాబాయి మూడొందలు పట్టుకుని వచ్చారు. బోర్డు మీద అంతే ఉంది మరి. పిన్ని అప్పటికే ప్రయాణానికని కొత్త చెప్పులు కూడా కొనుక్కుంది. రుసుములన్నీ కలిపితే నాలుగొందల పది అవుతుందని సొంత అక్క కూతురే బల్ల ఇవతల కూర్చుని చెప్పాల్సి వచ్చింది. పిన్ని "ఇంకెప్పుడైనా చూద్దాంలే అమ్మా" అని డబ్బు మళ్లీ సంచిలో పెట్టుకుంది. ఆ ఇంకెప్పుడైనా రాలేదు. మర్నాటి నుంచి నల్లబల్ల మీద అంకె మారిపోయింది. మొత్తమ్మకు ఈ లోకంలో ఆస్తంటూ ఉంటే అదే. ఆమె రాసిన అంకె బల్ల దగ్గరకు వచ్చాక పెరగదని జనం నమ్ముతారు.

అలాంటిది, మొన్న వసంతంలో కొత్త నిబంధన వచ్చింది. ఓడ ప్రయాణాల ప్రకటనల్లో పన్నులు, రేవు రుసుములు కలిపిన ధరే చూపించాలని. ఆ వార్త పత్రికలో చదివి వినిపించింది ఆమె భర్తే. ఆయన రొట్టెలు కాలుస్తాడు. పిండి చేతులతోనే పత్రిక పట్టుకుంటాడు.

"ఇరవై రెండేళ్లకు నీ దారికొచ్చారోయ్," అన్నాడు.

"రాక ఎక్కడికి పోతారు," అందామె. ఆ రోజంతా కాలు నేల మీద నిలవలేదు. కొట్టు యజమానికి రెండుసార్లు టీ పెట్టి ఇచ్చింది.

వారం తిరక్కుండానే ఓడ కంపెనీ కొత్త ధరల కాగితం పంపింది. ఇద్దరికి, కిటికీ లేని లోపలి గది, ఐదొందల ఇరవై. మొత్తమ్మ ఎప్పట్లాగే పన్నులు కలిపింది, రేవు రుసుములు కలిపింది, ఆరొందల ఎనభై అని ముత్యాల్లాంటి అంకెలు వేసింది. ఎదురు కొట్టు బోర్డు మీద ఐదొందల ఇరవై కనబడింది. చుక్క మాత్రం లేదు.

ఆమెకు ఒళ్లు మండింది. నిబంధన వచ్చాక కూడా ఇంత బరితెగింపా? ఇంతకుముందు చుక్కన్నా ఉండేది.

నాలుగు రోజులు ఆమె కొట్టు వైపు కన్నెత్తి చూసినవాళ్లు లేరు, తాళాలు బాగుచేసే ఆయనా, ఆయన భార్యా తప్ప. వాళ్లు ఆరొందల ఎనభై కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని, సంతోషంగా వెళ్లారు. ఐదో రోజు యజమాని నసగడం మొదలుపెట్టేసరికి మొత్తమ్మ చెంగు దోపుకుని రోడ్డు దాటింది.

"ఏం నాయనా, సిగ్గులేదూ? రుసుములు కలపకుండా ఎలా రాశావు?"

చుక్కలాయన కోప్పడలేదు. "కూర్చో అక్కా," అని అదే ధరల కాగితం తీసి, రెండో వరుస మీద వేలు పెట్టాడు. "పన్నులు, రేవు రుసుములు కలిపిన ధర" అని ఉంది. చీమ తలకాయంత అక్షరాలు కూడా కావు, మామూలు అక్షరాలే. "కలిపే పంపారక్కా. నువ్వు రెండోసారి కలిపినట్టున్నావు. చెబుదామనుకున్నా. నీకు చెప్పేంతవాడినా అని ఊరుకున్నా."

మొత్తమ్మకు తల కొట్టేసినట్టయింది. ఊళ్లో అందరికీ కాగితం చివరిదాకా చదవండని చెప్పే మనిషి, తన చేతికొచ్చిన కాగితాన్ని చదవనేలేదు. ఏముంటుందో తెలుసుననుకుంది. రోడ్డు ఎలా దాటి వచ్చిందో ఆమెకు గుర్తులేదు.

విషయం విని యజమాని గడ్డం గోక్కున్నాడు. "రేపట్నుంచి సరిగా రాద్దాం. కట్టినవాళ్లు ఏమీ అడగలేదుగా?"

మొత్తమ్మ ఆయన వైపు ఒక్క చూపు చూసింది. ఆయన సొరుగు తాళం తీశాడు.

తాళాలాయన ఇల్లు ఆయన దుకాణం వెనక గదే. గోడ నిండా మేకులు, మేకుల నిండా తాళంచెవులు. భార్య కిటికీ దగ్గర కూర్చుని ప్రయాణానికని పాత కోటుకు కొత్త గుండీలు కుడుతోంది. మొత్తమ్మ కూర్చోకుండానే జరిగింది చెప్పి, నూట అరవై బల్ల మీద పెట్టింది.

తాళాలాయన నవ్వాడు. "ఎదురు కొట్లో తక్కువుందని మేమూ చూశామమ్మా. వెళ్దామా అన్నాను. ఈవిడే, వాళ్లు ఏదో దాచుంటారు, మొత్తమ్మ రాసిందే అసలు ధర అంది."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టి ఉంటే బాగుండేది. నమ్మినందుకే వీళ్లకు నష్టం వచ్చిందని, ఇరవై రెండేళ్లు కూడబెట్టిన పరువు నాలుగు రోజుల్లో పోగొట్టుకున్నానని అనిపించింది. ఆ మాటే పైకి అనేసింది.

"పరువు పోతే నువ్విలా వస్తావా?" అంది తాళాలాయన భార్య. దారం పళ్లతో కొరికి, కోటు పక్కన పెట్టింది. బల్ల మీది డబ్బు వంక చూసింది. "అమ్మా, కిటికీ ఉన్న గదికి ఎంతవుతుంది? సముద్రం కనబడేది."

మొత్తమ్మకు ఆ ధర కంఠతా వచ్చు. ఆరొందల డెబ్బై. నోటి దాకా వచ్చింది. ఆగిపోయింది. పిన్ని సంచి గుర్తొచ్చింది. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, చేతిసంచిలోంచి ధరల కాగితం తీసి, పై వరుస నుంచి చదవడం మొదలుపెట్టింది. పైకే చదివింది. గదుల పట్టిక, తేదీలు, సామాను బరువు, కంపెనీ చిరునామా, చివరికి ముద్రించిన ప్రెస్సు పేరు కూడా వదల్లేదు. తాళాలాయన మధ్యలో ఒకసారి ఆవలించాడు. ఆయన భార్య మాత్రం ప్రతి మాటా విన్నది.

"ఆరొందల డెబ్బై," అంది మొత్తమ్మ కాగితం మడుస్తూ. "ఇందులోంచి నూట యాభై ఇస్తే చాలు. పది మీ దగ్గరే ఉంటాయి."

"అక్కడికెళ్లాక ఇంకేమీ అడగరు కదా?"

"అడగరు. కిటికీ కూడా అందులోనే."