బావ కారుకు నేనెంచిన ఉక్కు

లోహశాస్త్రంలో డిప్లొమా తీసుకుని జనగామలో క్రాంక్ గ్రైండింగ్ షాపులో చేరాను. పట్టా నా చేతిలో ఉండేది, పని షాపు నడిపే ఉస్తాద్ చేతిలో ఉండేది. పిస్టన్లు పైకీ కిందికీ ఆడే కదలికను చక్రాల తిరుగుడుగా మార్చే ఇరుసే క్రాంకు. అరిగిన క్రాంకును కొంచెం గీకి నునుపు చేసివ్వడం మా పని. ఉస్తాద్ నన్ను ‘డిప్లొమా సారూ’ అని పిలిచేవాడు. అది ఎగతాళి అని తెలిసినా నాకు ముద్దుగానే ఉండేది.

మా అక్క భర్త మహబూబాబాద్ స్టేషన్ దగ్గర సొంత డీజిల్ కారు కిరాయికి తిప్పేవాడు. “ఒకని కారుకు డ్రైవర్‌నైతె లేవంగనే సలామ్ కొట్టాలె బామ్మర్ది. గిప్పుడు తాళం తిప్పితె కారే నాకు సలామ్ కొడ్తది” అనేవాడు.

ఆ కారు క్రాంకు పనికిరాకుండా పోయింది. హైదరాబాద్ పాత సామాన్ల బజారులో ఆ ఇంజనుకు సరిపోయేవి రెండు దొరికితే, బావ రెండూ మా షాపుకు మోసుకొచ్చాడు. ఒకటి మామూలు ఉక్కు. రెండోది క్రోమియం, మాలిబ్డినం కలిసిన మేలిరకం. రెండూ కొంత అరిగినవే.

ఉస్తాద్ వాటిని గొలుసుకు వేలాడదీసి సుత్తితో తట్టాడు. రెండూ గంటల్లా మోగాయి.

“పగుళ్లు లేవు. గీ మామూల్ది పెడ్దాం” అన్నాడు.

“దాంట్ల ఏముంది ఉస్తాద్? దీంట్ల మాలిబ్డినం ఉంది.”

“నోట్లె తిరగని ఉక్కు ఇంజన్ల తిరుగుతదా, డిప్లొమా సారూ?” అని నవ్వి, మళ్లీ నిదానంగా చెప్పాడు. “దాని గట్టిదనమంత పైతోలులనే ఉంటది బిడ్డా. గీకితె తోలు పోతది, మళ్ల భట్టీల పెట్టి గట్టి చెయ్యాలె. ఆ భట్టీ మనకాడ లేదు. మామూల్దాని గట్టిదనం లోతుదాక ఉంటది, గీకినా పోదు.”

ఆయన చెప్పింది నా పుస్తకంలోనూ ఉంది. పరీక్షలో ఆ జవాబు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ బావ ముందు ఓడిపోవడం ఇష్టం లేక, “వెంట్రుకంత గీకితె ఏమైతది?” అనేశాను.

“మా బామ్మర్ది సదువుకున్నోడు ఉస్తాద్. ఆయన ఏదంటె గదే” అన్నాడు బావ.

నేనే గీకాను. అద్దంలా మెరిసింది. అందులో నా ముఖం చూసుకుని మురిశాను కూడా.

కొన్ని నెలలకు భూపాలపల్లి దారిలో, సవారీలుండగానే, ఇంజన్ టకటకా కొట్టుకుని ఆగిపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. షాపుకు లాక్కొచ్చి విప్పితే క్రాంకు రెండు ముక్కలై ఉంది, ఇంజన్ బ్లాకు కూడా పగిలిపోయింది. ఉస్తాద్ నేను గీకిన చోట ఆకురాయి పెట్టి రుద్దాడు. గట్టి ఉక్కు మీదైతే ఆకురాయి జారిపోవాలి. అది మెత్తగా దిగబడింది. ఆయన నా వైపు చూశాడు.

అంతలో బావ తల పట్టుకుని, “ఆ పొద్దు ఆయిల్ సూడలే బామ్మర్ది. నా తప్పే” అన్నాడు.

ఉస్తాద్ ఇంకా నన్నే చూస్తున్నాడు. ఇక మాట్లాడాల్సింది నేనే. మాట్లాడాను.

“సూస్కోవాలె గద బావా!”

చదివింది లోహశాస్త్రం, చేసింది ద్రోహశాస్త్రం. ఆ రోజు నుంచి ఉస్తాద్ నన్ను డిప్లొమా సారూ అనడం మానేశాడు.

కారు తుక్కుకు పోయింది. బావ ఇప్పుడు భూపాలపల్లిలో ఒక కాంట్రాక్టరు కారు నడుపుతున్నాడు. మొన్న వెళ్లినప్పుడు పొద్దున్నే బానెట్ ఎత్తి ఉన్నాడు. ఆయిల్ చూసే పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, ముంచి చూశాడు. మళ్లీ తుడిచి, మళ్లీ ముంచాడు.

“రెండుసార్లెందుకు బావా?”

“ఒక్కనాడు సూడకనే గద సొంత బండి పోయింది.”

చెప్పేద్దామని నోరు తెరిచాను. “చాయ్ తాగుదమా?” అని వచ్చింది.

“పా” అన్నాడు. బానెట్ దించి నాలుగడుగులు వేశాడు. ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ ఎత్తాడు.