ఒకే చీరలో ఇరవై ఏడుగురు

ఆదోనిలో ఆ ఫోటోల ప్రదర్శనకు కలెక్టరు వచ్చినాడని, జనాన్ని ఆపలేక పోలీసులు లాఠీలు తిప్పినారని, అన్ని ఫోటోల మధ్య మా అమ్మను గడప దగ్గర నుంచే గుర్తుపట్టినానని యాభై ఏండ్లుగా చెప్పుకుంటూ వస్తున్నాను. మనవళ్ళకు చెప్పేటప్పుడు బారులు తీరిన గుర్రపుబండ్లను కూడా చేరుస్తాను.

నిజానికి అంత వైభోగం ఏమీ లేదు. ఆదోని బళ్ళారి జిల్లాను వదిలి కర్నూలు కిందికి వచ్చిన కొత్త అది. ఒక స్టూడియో ముసలాయన చనిపోతే, కొడుకు స్టూడియో మూసేస్తూ, తండ్రి తీసిన పాత ఫోటోలను ఒక పత్తి గోదాములో గోడలకు తగిలించినాడు. బయట అట్ట మీద "పాతకాలపు అందగత్తెలు" అని రాసి పెట్టినాడు. ఎమ్మిగనూరు నుంచి నేనూ మా నాయనా బస్సెక్కి పోయినాము. మిట్టమధ్యాహ్నం. లోపల మేమిద్దరం, వాకిట్లో కునుకు తీస్తున్న ఆ కొడుకు, అద్దాల మీద పత్తి నూగు. అంతే జనం.

మేము పోయింది అందగత్తెల కోసం కాదు. నా రెండేండ్ల వయసులో అమ్మ చనిపోయింది. మొకం గుర్తు లేదు. ఇంట్లో ఫోటో లేదు. బతికినన్నాళ్ళలో ఆమెకు తీసింది ఒకే ఫోటో, అదీ ఆ ముసలాయన తీసిందే. నాయన మగ్గం మీద నేసిన పట్టంచు చీరను స్టూడియోకు ఇయ్యడానికి పోతూ అమ్మనూ వెంటబెట్టుకుని పోయినాడంట. "మొకం బాగుందప్పా. ఈ చీరే కట్టించి ఒకటి తీస్తా. అద్దాల బీరువాలో పెట్టుకుంటా, మీకూ ఒక కాపీ ఇస్తా" అన్నాడంట ఆయన. తీసినాడు. కాపీ ఇయ్యలేదు. అడిగినప్పుడల్లా "ఫోటో ప్లేటు యాడనో పడిందప్పా" అన్నాడు. అమ్మ పోయినాక నాయన అడగడం కూడా మానుకున్నాడు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాల. మొదటి పది ఫోటోలు నేను కొడుకులాగా చూడలేదు. ఎర్రటి పెదవులు, గడ్డం కింద చెయ్యి, ఓరచూపు, వెనక తెర మీద గీసిన రాజమహలు మెట్లు. ఇరవై దాటిన మొగోణ్ణి, నోరు తెరుచుకుని చూసినాను. వీళ్ళలో ఒకామె నన్ను కన్నదని ఆ తర్వాత గుర్తొచ్చింది. చెవులు కాలిపోయినాయి.

అప్పుడు గానీ అసలు సంగతి కంటికి ఆనలేదు. ఇరవై ఏడు ఫోటోలు, అందరి ఒంటి మీదా ఒకే చీర. వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆ ముసలాయన అదే కట్టించినాడు. గిల్టు కమ్మలు, గిల్టు హారం కూడా అవే. అది చాలదన్నట్టు సన్న కుంచెతో అందరికీ ఒకే తీరు కనుబొమ్మలు, ఒకే తీరు పెదవులు, గడ్డం మీద ఒకే పుట్టుమచ్చ. అందం దిద్ది దిద్ది మా అమ్మను తుడిచిపెట్టినాడు.

నాయన ఒక్కో అద్దానికీ ముక్కు ఆనించి చూస్తున్నాడు. ఒకచోట ఆగినాడు. నేను పక్కకు పోయినాను.

"ఈమేనా, నాయనా?"

"ఈ సీర నేను నేసిందే రా. ఈడ సూడు, కుడి అంచులో పోగు తప్పింది."

"సీర సంగతి ఇడిసిపెట్టు. అమ్మ యాడుంది?"

పక్క ఫోటోకు పోయినాడు. ఆడ కూడా అంచే చూసినాడు. నాకు ఒళ్ళు మండింది.

"పెండ్లాం మొకమే గుర్తు లేదా నీకు?"

అనకూడని మాట. నాయన కోప్పడలేదు.

"అందరికీ రంగు పూసినాడు కదరా," అన్నాడు. మళ్ళీ అంచు వైపే చూస్తూ, "ఆ పొద్దు నేను మొకం సూళ్ళేదు. కింద కూకోని కుచ్చిళ్ళు సర్దుతా ఉంటి. సీర నలిగితే వద్దంటాడేమోనని బయం" అన్నాడు.

వాకిట్లో కునుకు తీస్తున్న ఆ కొడుకు లేచి వచ్చినాడు. "మీ అమ్మ యాదో సెప్పన్నా, తీసుకోని పో. నాకెందుకు ఇవన్నీ?"

"మీ నాయన పేర్లేమన్నా రాసి పెట్టినాడా?"

"సీర కట్టినోళ్ళ పేర్లు ఎవురు రాసుకుంటారన్నా!"

వట్టి చేతులతో తిరిగి పోలేకపోయినాను. "ఇదే మా అమ్మ" అని ఒకటి చూపించినాను. అదే ఎందుకంటే, ఇరవై ఏడుగురిలోకీ ఆమే బాగుంది కాబట్టి. నాయన నా వైపు చూసి, పటం వైపు చూసి, "అట్లనా" అన్నాడు.

ఇంట్లో మేకు కొట్టి తగిలించి, పోయినోళ్ళ పటానికి వేసినట్టు దండ వేసినాము. ఏటా అమ్మ తిథి నాడు నాయన దాని ముందర నిలబడేవాడు. ఆయన కళ్ళు మొకం మీద ఎప్పుడూ నిలిచేవి కావు. కుడి అంచులో, పోగు తప్పిన ఆ చోటే చూసేవాడు.

నాయన పోయినాక దండ నేను వేస్తున్నాను. ఆమె ఏ ఊరిదో, ఎవరి తల్లో తెలియదు. మేము మొదటి దండ వేసిన రోజు ఆమె ఏ కౌతాళం చేలోనో నిక్షేపంగా పత్తి ఏరుకుంటూ ఉండెనేమో, అదీ తెలియదు.

మొన్న మా మనవరాలు పటం చూసి, "తాతా, నీ ముక్కు అచ్చం మీ అమ్మ ముక్కే" అనింది.

"అవునమ్మా, అందరూ అదే అంటారు" అన్నాను. అంతకుముందు ఎవరూ అనలేదు.